శనివారం గడిలో సున్న

"సిగ్నల్ పనిచేయడం లేదు" అనే ఫిర్యాదుకు నేను ఉద్యోగంలో ఏనాడూ విలువ ఇవ్వలేదు. అందులో సమాచారమంటూ ఏమీ ఉండదు. స్తంభం మీది సిగ్నల్ చెయ్యి వాలడం లేదా, వాలి మళ్ళీ లేవడం లేదా, ఎండకు తీగ సాగి సగంలో నిలిచిపోతున్నదా, దీపం ఆరిందా, లీవరు లాగవలసిన మనిషే కునికాడా? ఇవన్నీ వేరువేరు జబ్బులు. స్టేషన్ మాస్టర్లు వీటన్నిటికీ కలిపి ఒకటే పేరు పెట్టి, తమ బాధ్యత తీరిందనుకునేవారు. "కడుపులో నొప్పి, మంట" అన్నది కూడా సరిగ్గా ఆ జాతి ఫిర్యాదే. మెడకూ తొడకూ మధ్య ఏది చెడినా మనవాళ్ళు దాన్ని కడుపనే అంటారు.

నాగపూర్ ఇంకా మా రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి. రాయపూర్ స్టేషనుకు దగ్గరలోని రైల్వే క్వార్టర్లలో మా అక్కా బావా ఉండేవారు. బావ గూడ్సు ఆఫీసులో గుమాస్తా. నేను సిగ్నళ్ళ విభాగంలో ఇన్‌స్పెక్టరును, పెళ్ళి కానివాణ్ణి, కనుక వాళ్ళింట్లోనే ఒక గదిలో ఉండేవాణ్ణి. అక్కకు అప్పటికి నలభై రెండేళ్ళు. ఏడాదిగా ఆమెకు ఉండి ఉండి కడుపునొప్పి వస్తున్నది. రొమ్ము ఎముక కింద మంటగా మొదలై గొంతుదాకా ఎగదన్నేది. తరువాత అదే చోట ఎవరో పిడికిలి బిగించినట్టు నొప్పి. రెండు గంటలో మూడు గంటలో ఉండి, ఒకటి రెండు వాంతులు చేయించి, వచ్చినంత నిశ్శబ్దంగా పోయేది.

కారణాలు చెప్పడానికి మాత్రం ఇరుగుపొరుగున కొరత లేదు. తెలుగువాళ్ళందరూ ఏకగ్రీవంగా "ఇక్కడి నీళ్ళు పడలేదు" అన్నారు. మేము ఆ ఊరు వచ్చి అప్పటికి పన్నెండేళ్ళు. పదకొండేళ్ళు పడిన నీళ్ళు పన్నెండో ఏట ఎందుకు పడలేదో, అవే నీళ్ళు తాగుతున్న బావకూ నాకూ ఎందుకు పడుతున్నాయో ఒక్కరూ చెప్పలేదు. ఈ ప్రశ్న అడిగినందుకు ఎదురింటి గార్డు భార్య, "మీ తమ్ముడికి అన్నీ ఎకసక్కేలే వదినా" అని అక్కతో అన్నదట. ఆవిడకు తర్కానికీ ఎకసక్కానికీ తేడా తెలియదు.

పక్కింటి హిందీవాళ్ళు నాభి జారిందన్నారు. తెలీబంధా చెరువు వైపు నుంచి నాభి సర్దే మనిషిని కూడా వాళ్ళే పిలిపించారు. అతడు అక్కను చాప మీద పడుకోబెట్టి, కడుపు మీద చిన్న దీపం పెట్టి, దాని మీద చెంబు బోర్లించి, అది పట్టుకున్నాక లాగాడు. ఎంత జారిందని అడిగాను. "ఆధా ఉంగలీ" అన్నాడు. దేన్నుంచి కొలిస్తే అర అంగుళి అని అడిగాను. నమ్మకం లేని ఇంట్లో నాభి నిలవదని చెప్పి చెంబు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ చెంబు మాదే.

బావ సిద్ధాంతం పైత్యం. ఆయన లెక్కలో తలనొప్పి, కోపం, పై అధికారి నిర్ణయాలు, ఎన్నికల ఫలితాలు, అన్నీ పైత్యమే. ఆయనకు సరదా పుట్టిన రోజున సిద్ధాంతం మారేది.

"ఏమోయ్ బావమరిదీ, మీ అక్క కడుపుమంటకి నువ్వు రిజిస్టర్లు రాయడం దేనికి? మా చెల్లెలు రాళ్ళ గాజులు చేయించుకున్న ఏడాదే మొదలైంది. హిసాబ్ సరిపోయింది కదా!"

"మీ చెల్లెలి గాజులు చూసి మండేంత లోటు నాకేం లేదులెండి," అని లోపలినుంచి అక్క. "మీ ఇంటికొచ్చిన రోజునే మండవలసింది. ఆలస్యంగా మండింది, అంతే."

నేను రిజిస్టరు రాస్తున్న మాట నిజం. ఆఫీసులో లోపాల పుస్తకం ఎలా ఉంటుందో అలాగే గీతలు గీశాను: తేదీ, వారం, నొప్పి మొదలైన వేళ, తగ్గిన వేళ, తీవ్రత, అంతకు ముందు ఆరు గంటల్లో తిన్న ఆహారం. సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చాక అక్కను అడిగి గళ్ళు నింపేవాణ్ణి. రెండు నెలలు తిరిగేసరికి ఒక క్రమం బయటపడింది. ఎనిమిది శనివారాల్లో ఏడింట నొప్పి వచ్చింది. ఏకాదశులకూ వచ్చింది. మిగిలిన రోజుల్లో అరుదు. అక్క శనివారాలూ ఏకాదశులూ ఉపవాసం ఉంటుంది. శనివారం నాటి ఆహారం గడిలో నేను ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు గుండ్రంగా సున్న చుట్టాను.

ఆ పుస్తకం పట్టుకుని ముగ్గురమూ డాక్టరు దగ్గరికి వెళ్ళాము. ఆయన ఉత్తరాది మనిషి, బాగా చదువుకున్నవాడు, ఆ విషయం ఆయనకు బాగా తెలుసు. రోగి చెప్పే మాట సగంలో తుంచి మిగతా సగం తానే పూరించే అలవాటు ఉండేది. నా పట్టిక చూడగానే ఆయన ముఖం వెలిగింది.

"ఉపవాస్ కే దిన్ దర్ద్ జ్యాదా హోతా హై?" అని అడిగాడు, ఉపవాసం రోజున నొప్పి ఎక్కువా అని.

"ఉపవాస్ మే హీ హోతా హై సాబ్," అన్నాడు బావ. "బాకీ దిన్ ఆరామ్." ఉపవాసం నాడే వస్తుంది, మిగతా రోజులు హాయేనని.

"ఖాలీ పేట్ కా దర్ద్!" అని డాక్టరు బల్ల మీద చరిచాడు. ఖాళీ కడుపున వచ్చే నొప్పి అంటే పేగు మొదట్లో పుండు పడినట్టేనని, ఆమ్లం ఆ పుండును కాలుస్తున్నదని, తినడానికి ఏమైనా ఉంటే ఆమ్లం దాని మీద పడి పుండును వదిలేస్తుందని మాకు బొమ్మ గీసి చూపించాడు. బొమ్మ చక్కగా ఉంది. వాదంలో నాకు ఎక్కడా సందు కనిపించలేదు. ఇంత శుభ్రమైన పట్టిక తెచ్చిన రోగి బంధువును తాను చూడలేదని కూడా అన్నాడు. ఆ ప్రశంసను నేను స్వీకరించాను. అప్పుడు నా ముఖం ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తలచుకుంటే రోత పుడుతుంది.

వైద్యం ఏమిటంటే, గంటకొకసారి పాలు, పాలల్లో మీగడ, మధ్యమధ్య సున్నపునీళ్ళ వంటి ఒక మందు. కారం బంద్, కాఫీ బంద్. అక్క ఆ నియమాన్ని ఏకాదశి వ్రతం కంటే నిష్ఠగా పాటించింది. మూడు వారాల్లో నొప్పి వారానికొకసారి కాదు, రోజు విడిచి రోజు రాసాగింది. మళ్ళీ వెళితే డాక్టరు నొచ్చుకున్నాడు. తన వైద్యం మీద ఆయనకు అనుమానం రాలేదు, పుండు మీద వచ్చింది. మొండి పుండు, మందుకు లొంగదు, కోయవలసిందే అన్నాడు. నాగపూర్ ఆసుపత్రిలోని సర్జనుకు ఉత్తరం రాసి ఇచ్చాడు. పొట్టలో మూడింట రెండు వంతులు తీసేసి, మిగిలిన ముక్కను పేగుకు కుడతారట. ఆ రోజుల్లో ఆ బల్ల ఎక్కినవాళ్ళందరూ దిగేవారు కారు. దిగినవాళ్ళు కొందరు ఆ తరువాత చారెడు మెతుకులు తిన్నా ఆయాసపడేవారు. నాలుగు వారాల తరువాత రమ్మని సర్జను దగ్గరనుంచి జవాబు వచ్చింది. బావ పాసులు రాయించాడు. పైత్యం మాట మానేశాడు.

"అంత పొట్ట తీసేస్తే ఇక అన్నం ఎక్కడ పడుతుందిరా?" అని అక్క నన్ను అడిగింది. మిగిలే భాగం క్రమంగా సాగుతుందని డాక్టరు చెప్పిన మాట నేను అప్పజెప్పాను. ఆమె పెట్టెలోంచి పట్టుచీర తీసి, ఇది ఫలానా మేనకోడలికి ఇవ్వాలని బావతో చెప్పింది. చావును గురించి మా ఇంట్లో మాట్లాడే పద్ధతి అది.

ఆ ఆదివారం ఉదయం నేను వరండాలో కూర్చుని, నాగపూర్ సర్జనుకు పంపడానికి పట్టికను శుభ్రప్రతి చేస్తున్నాను. పెరట్లో గుఢియారీ నుంచి వచ్చే పనిమనిషి నిన్నటి గిన్నెలు తోముతున్నది. యాభై ఏళ్ళ ఛత్తీస్‌గఢీ ఆవిడ. ఎదుట ఎవరున్నా మాట మింగే రకం కాదు. ఇంకాస్త బూడిద కావాలని అక్కను కేకేసింది. ఇంతకు ముందే ఇచ్చాను కదా అని అక్క.

"దాయీ, కాలీ ఉపాస్ రహే న?" నిన్న ఉపవాసమే కదా అమ్మా అని అడుగుతున్నది. "త ఏ కడాహీ మ అత్కా తేల్ కహాఁ లే ఆయిస్?" ఉపవాసమైతే ఈ మూకుడుకు ఇంత నూనె ఎక్కడిది అని.

"అరే, ఓ అన్నం నై హై బాబా, రొట్టె హై! అన్నం నై ఖాయా తో ఉపాస్ హీ హువా నా!" అన్నది అక్క, చిన్నపిల్లకు చెప్పినట్టు.

ఆవిడ మూకుడు ఎత్తి వెలుగుకు పట్టి చూసింది. "హమర్ ఉపాస్ మ త చూల్హా ఘలో నై బరై దాయీ. తోర్ ఉపాస్ మ మోర్ హాథ్ పిరాగే." మా ఉపవాసంలో పొయ్యే వెలగదు, నీ ఉపవాసంతో నా చేతులు పడిపోతున్నాయి అని గొణిగి మళ్ళీ తోమడం మొదలుపెట్టింది.

నా చేతిలో కలం అప్పుడు శనివారం గడి మీదనే ఉంది.

లేచి వెళ్ళి అక్కను అడిగాను: "నిన్న ఏం తిన్నావు?"

"ఏం తింటానురా, శనివారం కదా. ఏమీ తినలేదు."

"దిబ్బరొట్టె?"

"అది తినడమేమిట్రా, ఫలహారం!"

ఒక్కొక్క మాటా లాగవలసి వచ్చింది. మగవాళ్ళం ఇద్దరం పదింటికే అన్నం తిని డ్యూటీకి పోయేవాళ్ళం. ఒంటి గంటకు అక్క ఇనుప మూకుడులో గిద్దెడు నూనె పోసి, రెండంగుళాల మందాన మినపరొట్టె కాల్చేది. అందులో సగం ఆవకాయతో (డాక్టరు కారం మాన్పించాక అది లేకుండా), పేరిన నేతితో, గడ్డపెరుగు మీది మీగడతో 'ఫలహారం' చేసేది. ఏకాదశి అయితే రొట్టె బదులు నేతిలో మగ్గిన ఉప్పుడుపిండి. మూడు గంటలకు నొప్పి. మూడున్నరకు మంచం. సాయంత్రం నేను వచ్చి అడిగితే "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు" అనేది. ఆమె అబద్ధం చెప్పలేదు. మా భాషలో అన్నం తినకపోతే తిననట్టే. రొట్టె, అట్టు, గారె, ఉప్మా, ఇవి ఎన్ని దిగినా కడుపు ఖాళీయే. మనిషి ఎదురైతే "అన్నం తిన్నారా?" అని అడిగే జాతి ఇంకోలా ఎందుకు అనుకుంటుంది?

అంతకంటే నీచమైన విషయం మరొకటి ఉంది. మిగిలిన సగం రొట్టెను ప్రతి శనివారం సాయంత్రం బావా నేనూ తినేవాళ్ళం. అది చల్లారితేనే రుచి. ఎనిమిది వారాలు నేను సాక్ష్యాన్ని ఆవకాయతో నంజుకుని తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, ఆహారం గడిలో సున్న చుట్టాను. స్టేషన్ మాస్టరు మాట నమ్మవద్దని కుర్ర మెకానిక్కులకు పాఠాలు చెప్పే మనిషిని నేను. నిర్జలంగా ఉపవాసాలుండే ఇంట్లో పెరిగిన డాక్టరు ఉపవాసమంటే ఉపవాసమనే అనుకున్నాడు. ఆయనది అజ్ఞానం. నాకు అజ్ఞానమనే సాకు కూడా లేదు.

నాకు వైద్యం తెలియదు. అయితే తప్పుడు పట్టిక మీద కట్టిన నిర్ణయం తప్పుడు నిర్ణయమని తెలుసు. వారం మొత్తానికి అత్యంత జిడ్డయిన భోజనం ఏ రోజున ఉందో ఆ రోజునే నొప్పి వస్తున్నది. మీగడ గంటగంటకూ పోశాక నొప్పి పెరిగింది. లోపాన్ని పట్టుకున్నాననడానికి రెండు పరీక్షలు కావాలి: కారణం తీసేస్తే లోపం పోవాలి, తిరిగి పెడితే లోపం రావాలి. నాగపూర్ ప్రయాణానికి మూడు వారాల వ్యవధి ఉంది.

మొదటిదానికి అక్కను ఒప్పించడానికే నాలుగు రోజులు పట్టింది. మీగడ మానడానికి ఆమెకు అభ్యంతరం లేదు. శనివారం మూకుడు పెట్టవద్దన్నందుకు మాత్రం ఆగ్రహించింది. "ఇరవై ఏళ్ళుగా చేస్తున్న ఉపవాసం నీ పరీక్ష కోసం చెడగొట్టమంటావా?" అన్నది. రొట్టె మానితే ఉపవాసం ఎలా చెడుతుందో నేను అడిగాను. "నూనె తగలని ఉపవాసం ఏకాదశి కంటే కఠినం కదుటోయ్, పాపం ఎలా చేస్తుంది?" అన్నాడు బావ. ఆ మాట పౌరుషం తెప్పించి పని జరిగింది. ఆ శనివారం అరటిపండ్లు, పేలాలు, వెన్న తీసిన మజ్జిగ. నొప్పి రాలేదు. మరుసటి శనివారమూ రాలేదు. మధ్యలో ఏకాదశికీ రాలేదు.

రెండో పరీక్షను అక్కే కోరింది. ఇది శనివారం మహిమే గాని రొట్టె దోషం కాదని ఆమె పట్టుదల. "బుధవారం చేసుకు తింటాను. ఏమీ రాదు, చూసుకో." నేను ఆ రోజు సెలవు పెట్టి గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంటకు తిన్నది. మూడు గంటల పది నిమిషాలకు ఆమె పొయ్యి దగ్గర గోడ పట్టుకుని వంగిపోయింది. ముఖమంతా చెమట. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని గురించి ఇంతకంటే ఏమీ చెప్పదలచుకోలేదు.

కొత్త పట్టికతో డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఆయన మొదట దాన్ని ముట్టుకోలేదు. "తుమ్ సిగ్నల్ దేఖో భాయీ, పేట్ హమ్ దేఖేంగే," అన్నాడు, సిగ్నళ్ళు నువ్వు చూసుకో, పొట్ట సంగతి మేము చూస్తామని. నేను పట్టికను ఆయన వైపు తిప్పి, శనివారం గడిలో ఎర్ర సిరాతో రాసినవి చదివాను: మినప్పిండి, నూనె, నెయ్యి, మీగడ, వాటి కొలతలు.

"ఉపవాస్ మే కౌన్ ఖాతా హై?" ఉపవాసంలో తినేదెవరని నిజంగా తెల్లబోయి అడిగాడు.

"హమ్ ఖాతే హై," అన్నాను.

ఆయన కొంతసేపు పట్టిక చూశాడు, తరువాత అక్కను. బల్ల మీద పడుకోమని, కుడివైపు పక్కటెముకల అంచు కింద వేళ్ళు ఆనించి, గట్టిగా ఊపిరి తీసుకోమన్నాడు. ఊపిరి సగంలో ఠక్కున ఆగిపోయింది. మళ్ళీ తీయించాడు, మళ్ళీ అక్కడే ఆగింది. కుడి భుజం వెనక, రెక్క ఎముక దగ్గర ఎప్పుడైనా నొప్పి ఉంటుందా అని అడిగాడు. ఏడాదిగా ఉందని అక్క చెప్పింది. బకెట్లు మోయడం వల్ల అనుకుని కర్పూరం కలిపిన నూనె రాసుకుంటున్నదట. ఆ నొప్పికి నా పుస్తకంలో గడే లేదు.

డాక్టరు కుర్చీలో వెనక్కు వాలాడు. ఆ రోజు మొదటిసారి ఆయన ఎదుటి మనిషికి చెబుతున్నట్టు మాట్లాడాడు. పొట్టలో పుండుకూ, పేగులో పుండుకూ, పిత్తాశయంలో రాళ్ళకూ, ఏలికపాములకూ, రోజూ పరగడుపున మింగే తలనొప్పి బిళ్ళలకూ, జర్దాకూ, ఒక్కొక్కప్పుడు గుండెజబ్బుకూ కూడా రోగి చెప్పేది ఆ రెండు మాటలేనట: నొప్పి, మంట. వీటిని విడదీసేది ఎప్పుడు వచ్చింది, ఏం తిన్నాక వచ్చింది, ఎటు పాకింది అనే వివరం ఒక్కటే. తాను ఏం తిన్నారని అడగలేదని మాత్రం ఆయన అనలేదు. నేనూ ఎత్తిచూపలేదు. ఆ విషయంలో మేమిద్దరం సమానులం. పాత ఉత్తరం చింపి కొత్తది రాశాడు: పిత్తాశయంలో రాళ్ళున్నట్టు అనుమానం, పొట్ట కోయడానికి ముందు రంగుమందు ఇచ్చి ఎక్స్‌రే ఫోటో తీయవలసింది.

"పిత్తాశయమా!" అన్నాడు బావ, బయటికి వస్తూనే. "పిత్తం అంటే పైత్యం కాదూ? మొదటి రోజునుంచీ నేను మొత్తుకుంటున్నదేమిటి?" ఆయన ఆ తరువాత గూడ్సు ఆఫీసు మొత్తానికీ వైద్యం చెప్పాడు.

నాగపూర్‌లో తీసిన ఫోటోలో రాళ్ళు కనిపించాయి. పొట్ట జోలికి పోకుండా పిత్తాశయం ఒక్కటి తీసేశారు. అదీ చిన్న ఆపరేషన్ కాదు. పది రోజులు మేము ఆసుపత్రి వరండాలో గడిపాము. పదకొండో రోజున అక్క మెత్తని అన్నం చారుతో కలిపి తిన్నది. చేతిలో ఆఖరి ముద్ద ఉండగా ఆగి, ఇంకా ఉందా అని అడిగింది. బావ కిటికీ వైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు.

ఇంటికి వచ్చాక పరామర్శకు వచ్చినవాళ్ళకు అక్క ఈ కథ చెబుతుంటే విన్నాను. నీళ్ళు పడలేదన్నవాళ్ళూ, నాభి సర్దించినవాళ్ళూ అందరూ ఆ చాప మీదనే కూర్చుని ఉన్నారు. కథలో నా రిజిస్టరు లేదు. డాక్టరు లేడు. గిన్నెలు తోమిన ఆవిడ మొదలే లేదు. నేను ఉండబట్టలేక, "ఇదంతా ఎలా తెలిసిందో కూడా చెప్పవే," అన్నాను.

"చెబుతున్నాను కదరా. శనివారం వ్రతం వల్ల తెలిసింది."

"వ్రతం వల్ల జబ్బు ముదిరింది."

"రోజూ కాస్త కాస్త నొప్పి వచ్చి ఉంటే ఎవడికి పడుతుంది? నీళ్ళే అనుకుని పోయేదాన్ని. సరిగ్గా శనివారం శనివారం వచ్చింది గనక కదా నువ్వు గీతలు గీసుకున్నావు? చూపించినవాడు ఆ శనివారం స్వామి. రాసుకున్నవాడివి నువ్వు."

చాప మీది వాళ్ళందరూ తలలూపారు. ఆ మూర్ఖుల మధ్య నిలబడి ఆ వాదంలో దోషం ఎక్కడుందో వెదికాను. నా దగ్గర ఎనిమిది శనివారాల పట్టిక ఉంది. ఆ క్రమమే లేకపోతే నాకు నిజంగానే ఏమీ దొరికేది కాదు. లోపలికి వెళ్ళిపోయాను. వెనకనుంచి అక్క, వచ్చే శనివారం నూనె లేకుండా దిబ్బరొట్టె ఎలా కాల్చవచ్చో గార్డు భార్యను అడుగుతున్నది.